తెల్లబయలులో దిగిన ఓడ

ఫిబ్రవరి 11

భుజాల ఓడ ఇవాళ ఆఖరిసారి వచ్చి వెళ్లింది. ఇంజిన్లు అడుగున కాకుండా పైభాగంలో రెండు పక్కలా ఉంటాయి కాబట్టి మంచుగనిలో అందరం దాన్ని అలాగే పిలుస్తాం. నేలను తాకేసరికి దాని మంట పలచబడి విడిపోతుంది. దుమ్ము లేస్తుంది, కానీ తుడుచుకుంటే పోయేంతే.

దిగుడు మైదానం బాధ్యత నాది. ఓడ ఎప్పుడు దిగాలో, ఎప్పుడు దిగకూడదో చెప్పాల్సింది నేనే. అది వెళ్లాక సౌరఫలకాల మీద దుమ్ము తుడవాల్సిందీ నేనే, లింగమూర్తి కాకతో కలిసి. కాక పని బండలు కాల్చడం. చంద్రుడి మట్టిని బండిలో పోసి, కరిగేదాకా కాల్చి, నల్లటి బండలుగా చేసి పరుస్తాడు. మైదానమంతా ఆయన చేతిమీదుగా పరిచిందే. ఆయన భార్య రాజేశ్వరి చిన్నమ్మ మా వంటశాల నడుపుతుంది. వాళ్లు నాకు చుట్టాలేం కారు. మా తాతలూ వాళ్ల తాతలూ గోదావరిఖనిలో ఒకే బాయిలో బొగ్గు తవ్వారు, మేం ఇక్కడ గుంటల్లో మంచు తవ్వుతున్నాం. వరసలు కలుపుకోవడానికి ఆ మాత్రం చాలింది.

ఫలకం తుడుస్తూ కాక పైకి చూశాడు.

“మంచి ఓడ బిడ్డ. ఎన్నడు ఒక్క బండ లేపలే.”

“దాని ఇంధనం విషం గదా కాకా. మరిచిపోయినవా?”

“మరువలే. అయినా మంచిదే.”

గత ఏడాది ఆ ఓడ కాళ్లకు అంటిన ఇంధనపు చెమ్మ గ్లవుజులతో లోపలికి వచ్చింది. ఇద్దరు గని మనుషులు ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతారు. అందుకే కొత్త ఓడ వస్తుందంటే చాలామంది సంతోషించారు. దాని ఇంధనంలో విషం లేదు. మోసే బరువు పాతదానికి ఎన్నో రెట్లు. కానీ దాని ఇంజిన్ ఒక్కటే, పెద్దది, సరిగ్గా అడుగున ఉంటుంది.

మార్చి 20

పెద్ద ఓడ మొదటిసారి దిగింది.

ఇక్కడ చప్పుడు వినబడదు. మైదానం అంచున పోసిన మట్టికట్ట వెనక పడుకుని ఉన్న మాకు పొట్ట కింద నేల వణకడం మాత్రం తెలిసింది. తల ఎత్తకుండా అద్దంలో చూశాను. బండల అంచుల నుంచి దుమ్ము పరదాలా, నేలకు ఆనుకున్నట్టే, నాలుగు దిక్కులా పోయింది. భూమ్మీద దుమ్ము మబ్బులా లేచి ఆగుతుంది. ఇక్కడ ఆపడానికి గాలి లేదు. ఎంత వేగంతో లేచిందో అంతే వేగంతో పోయి ఎక్కడో తగులుతుంది. ఈ దుమ్మును ఏ నీరూ ఏ గాలీ ఎన్నడూ అరగదీయలేదు. ప్రతి రేణువూ పగిలిన గాజుముక్కే.

భుజాల ఓడను కూడా నడిపిన పైలట్ ఎస్తేరు దిగి, లోపలికి వచ్చి టీ తాగింది. మచిలీపట్నం మనిషి, నాకంటే చిన్నది. నేను రేడియోలో ఆమె గొంతు వినని వారం లేదు. ముఖం చూసింది మాత్రం ఇది మూడోసారో నాలుగోసారో.

“అక్కా, కిందికొచ్చాక నాకు నేల కనపడలేదు. తెల్లగా పాలు పోసినట్టు అయిపోయింది. నేల కొలిచే మిషను కూడా గుడ్డిదైపోయింది. మీ దీపపు స్తంభాలు రెండూ దుమ్ముకి పైన కనపడ్డాయి కాబట్టి సరిపోయింది.”

“రెండూ ఎందుకు? ఒకటి చాలదా?”

“ఒకటే ఉంటే నేను పక్కకి జారిపోతున్నానో లేదో ఎలా తెలుస్తుందక్కా? పక్కకి జారుతూ కాళ్లు ఆనితే ఓడ బోర్లా పడుతుంది.”

తర్వాత కాకా నేనూ ఫలకాలు తుడవడానికి వెళ్లాం. దుమ్ము పోయింది గానీ మెరుపు తిరిగి రాలేదు. అద్దం నిండా సన్నని గీతలు. కాక వేలితో రుద్ది చూశాడు.

“ఇది మురికి గాదు బిడ్డ. అరుగుడు.”

మైదానం అంచున ఒక బండ లేచి పక్కకు పడి ఉంది.

మే 29

పెద్ద ఓడ రెండో రాక. బండల సందుల్లోంచి మంట కిందికి దూరింది. కింద మంట వాయువు నిండి, బండ పేలినట్టు లేచింది. ఒకటి కట్టమీదుగా ఎగిరి వచ్చి మా ఇళ్లమీది రేడియేటర్లలో ఒకదాన్ని చీల్చింది. లోపలి వేడిని బయటికి వదిలేవి అవే. ఆ ఇంట్లో నలుగురు పడుకుని ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక మూరెడు కిందికి వచ్చి ఉంటే నలుగురూ పోయేవారు.

సాయంత్రం మేనేజర్ నరహరి సార్ మమ్మల్ని పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. నేను చెప్పబోయే ప్రతి మాటా ఆయనకు ముందే తెలుసు.

“కంపెనీకి రాసిన సుగుణా. పెద్ద ఓడకు భుజాల ఇంజిన్లు పెట్టుమన్న. పెడితే బరువు మోయదు అంటున్నరు. పైనుంచి పక్కకు చిమ్మే మంట సగం వృథా అయితది, ఇంధనం ఎక్కువ తాగుతది. కొత్త గాలి మిషన్ అందుల పట్టదు.”

“పెట్టకపోతే, సార్, మిషన్ దిగేసరికి దాన్ని పెట్టుకునే ఇల్లుండదు.”

“నాకు తెలుసు. మరి పాత మిషన్ ఎన్నాళ్లు నడుస్తదో నువ్వు చెప్పు.”

మేమందరం పీల్చే గాలిని శుభ్రం చేసే ఆ పాత మిషన్ నెలకోసారి ఆగుతోంది. దాన్ని విప్పి బిగించేవాళ్లకు ఇక మార్చడానికి భాగాలు లేవు.

“మైదానం మళ్ల పరుస్త,” అన్నాడు కాక. “ఇంకింత మందంగ పరుస్త. కరెంటు ఇయ్యున్రి.”

కరెంటే లేదు. ఫలకాలు అరిగిపోయాయి. బండలు కాల్చే బండికి ఇస్తే ఇళ్లకు చాలదు, ఇళ్లకు ఇస్తే బండి నడవదు. నరహరి సార్ కిటికీ వైపు చూశాడు. ఆ కిటికీ అద్దం కూడా తెల్లబడిపోయి బయట ఏమీ కనబడడం లేదు.

జులై 16

తలనొప్పి. అందరికీ. పాత గాలి మిషన్ సగమే పనిచేస్తోంది. మనుషులు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో మాట మరిచిపోతున్నారు. రాజేశ్వరి చిన్నమ్మ అన్నం వండి, ఉప్పు వేశానా లేదా అని నన్నే మూడుసార్లు అడిగింది. గనిలో పని ఆపేశాం. కదిలితే ఎక్కువ గాలి కావాలి కదా.

కొత్త మిషన్‌తో పెద్ద ఓడ బయలుదేరింది. దాన్ని బిగించే మెకానిక్కులూ, గనికి కొత్తగా వస్తున్నవాళ్లూ కలిసి ఎనిమిది మంది. పైలట్ ఎస్తేరే.

మైదానంలో సగం బండలు పగిలి ఉన్నాయి. అక్కడ దించితే అవి మా ఇళ్లమీదికే వస్తాయి. కాబట్టి మైదానంలో దిగడానికి వీల్లేదని చెప్పాను. నరహరి సార్ వాదించలేదు.

“మరి యాడ?”

“తెల్లబయలు.”

అది గుట్టకు అవతల, బండిలో పోతే సగం పూట ప్రయాణం. చదునైన చోటే, కానీ ఒట్టి మట్టి. గుట్ట అడ్డం ఉంది కాబట్టి ఇళ్లకు దుమ్ము తగలదు. ప్రమాదమంతా ఓడకే. మంట మట్టిని తవ్వుతుంది. గుంట లోతయ్యేకొద్దీ దాని గోడలకు తగిలిన మంట నేలబారుగా పోకుండా పైకి తిరుగుతుంది, రాళ్లను వెంటేసుకుని. ఇంజిన్‌నే కొట్టవచ్చు. కాళ్ల కింద నేల లేకుండా పోవచ్చు.

ఇదంతా ఎస్తేరుకు చెప్పాను.

“పైన తిరుగుతూ ఉండలేనక్కా. ఇంధనం ఆవిరైపోతా ఉంటుంది. దిగితే ఒక్కసారే. రెండు దీపాలు పెట్టండి, గుంట పడేలోపు కాళ్లు ఆనిస్తాను.”

జులై 19

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కాకా నేనూ రెండు బండ్లలో తెల్లబయలుకు పోయాం. రోలరు లాగి మట్టిని వీలైనంత గట్టిగా తొక్కించాం. మైదానం నుంచి తెచ్చిన మంచి బండలు మధ్యలో పరిచాం. అవి ఓడ కాళ్లకైనా చాలవని ఇద్దరికీ తెలుసు. తలనొప్పి వల్ల కాక మాటిమాటికీ కూర్చుండిపోతున్నాడు. నేను పొమ్మంటే పోలేదు.

మొదటి దీపపు స్తంభం గుట్ట వెనక నుంచి పైకి లేపాను. నా బండి, రేడియో, గుట్టమీదుగా చూసే అద్దం అక్కడే. రెండోది తూర్పున ఉన్న చిన్న తిప్ప మీద పెట్టాడు కాక. తిప్ప ఎత్తులో ఉంది, దుమ్ము పరదా దాని కిందినుంచి పోతుంది. పెట్టేసి నా దగ్గరికి వచ్చేశాడు. ఇద్దరం నా బండికి ఆనుకుని కూర్చున్నాం.

“ఎనమండుగురిల ఎవరన్న మనోళ్లున్నరా?” అని అడిగాడు.

“మంచిర్యాల నుంచి ఒకామె వస్తున్నది. మెకానిక్.”

“మంచిది. చిన్నమ్మకు ముచ్చట పెట్ట ఒక మనిషి దొరికింది.”

ఓడ ఇంకా చాలా ఎత్తున ఉండగా రెండో దీపం వంగడం చూశాను. తిప్ప మీది మట్టి వదులుగా ఉంది, స్తంభం మెల్లగా ఒరిగిపోతోంది. నేను నోరు తెరిచేలోపే కాక బండెక్కాడు.

“నిలబెట్టి వస్త.”

“టైం లేదు కాకా.”

“ఉన్నది. జల్ది వస్త.”

నేను రేడియో వదిలి పోలేను. ఆయన బండి తిప్ప ఎక్కడం, ఆయన దిగడం, స్తంభం నిటారుగా కావడం చూశాను. ఎస్తేరు గొంతు వచ్చింది, చదువుతున్నట్టు నిదానంగా: ఇంజిన్ అంటుకుంది, రెండు దీపాలూ కనపడుతున్నాయి.

కాక బండి కదలలేదు.

ఇంకో చానల్లో పిలిచాను. “కాకా, వచ్చెయ్.”

“వదిలితే పడ్తున్నది బిడ్డ. మట్టి పట్టుకుంటలేదు. నేను పట్టుకోవాలె.”

“ఇడిసిపెట్టు. వచ్చెయ్.”

“ఇడిస్తే ఎస్తేరమ్మకు దారి ఎట్ల తెలుస్తది?”

ఆయన ఊపిరి వినబడుతోంది, వేగంగా.

“బిడ్డా, నేనీడ ఉన్న అని ఆమెకు చెప్పు. జెర పడమటికి జరిగి దిగమను. జరిగితే నాకేం గాదు.”

ఎస్తేరు దగ్గర జరగడానికి ఇంధనం లేదు. అంతకు ముందే ఇంధనం అంకె చదివింది, విన్నాను. కాక అక్కడ ఉన్నాడని చెబితే ఆమె చేయి ఒక్క క్షణం ఆగుతుంది. ఆగితే అంత ఎత్తులోనే ఇంధనం అయిపోతుంది. ఓడలో తొమ్మిది ప్రాణాలు. అందులో మిషన్. ఇళ్లలో తలలు పట్టుకుని పడుకున్న మా అందరి ఊపిరి. ఇవన్నీ నేను అప్పుడే తూచానని రాస్తే అది అబద్ధం. తర్వాత తూచాను. అప్పుడు నా వేలు ఎస్తేరు చానల్ మీటమీద ఉంది, నేను దాన్ని నొక్కలేదు. అంతే.

“చెప్పినవా బిడ్డా?”

“చెప్పిన కాకా.”

“సరే.”

దుమ్ము పరదా లేచింది. మొదట నేలబారుగానే పోయింది, తిప్ప అడుగున. రెండో దీపం దానిపైన కదలకుండా నిలబడి ఉంది. ఎస్తేరు, “ఆనబోతున్నా, ఆనబోతున్నా,” అంటోంది. అప్పుడు పరదా లేవడం మొదలైంది. ముందు ఒక మూల, తర్వాత మొత్తం, పువ్వు విచ్చుకున్నట్టు పైకి తెరుచుకుంది. తిప్ప అందులో మునిగిపోయింది. దీపం పోయింది.

“ఆనాం,” అంది ఎస్తేరు. “ఆనామక్కా. కాస్త ఒరిగింది, పడదు. ఇంజిన్ ఆపేశా. అందరం బాగున్నాం.”

ఆమె వెనక ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు. కాక చానల్లో గరగర కూడా లేదు.

నేను వెళ్లేసరికి ఆయన స్తంభం మీద పడి ఉన్నాడు. రెండు చేతులూ దాని చుట్టూ ఉన్నాయి. సూటు ఛాతీ మీద చిటికెనవేలి గోరంత రంధ్రం. హెల్మెట్ అద్దం తెల్లగా అరిగిపోయి ముఖం కనబడలేదు. చేతులు విడదీయడానికి నాకు చాలా సేపు పట్టింది.

ఓడ దగ్గరికి వచ్చేసరికి ఎస్తేరు నిచ్చెన దిగి, కాళ్ల కింది గుంటను చూస్తోంది. మనిషి నిలబడితే తల మునిగేంత లోతు.

“ఆ తూర్పు దీపం లేకపోతే పోయేవాళ్లమక్కా. నేల అంతా ఊగిపోతుంటే అదొక్కటే కదలకుండా ఉంది. దేంతో బిగించారు దాన్ని?”

నా బండిలో వెనక ఏముందో ఆమె అప్పుడు చూసింది.

ఆగస్టు 6

కొత్త మిషన్ నడుస్తోంది. తలనొప్పులు పోయాయి. జనం మళ్లీ గట్టిగా మాట్లాడుకుంటున్నారు, పిల్లలు పరుగెత్తుతున్నారు. కాకను గుట్ట వాలున పూడ్చాం.

ఎస్తేరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. “నాకు చెప్పి ఉంటే ఆగేదాన్నేమో,” అంది. “ఆగకపోయేదాన్నేమో. ఆ రెంటిలో ఏదో తెలుసుకోకుండా చేశారు నన్ను.” తర్వాత గనిలో నిల్వ ఉన్న ఇంధనం నింపుకుని, ఖాళీ ఓడను తెల్లబయలు నుంచే పైకి లేపుకుని వెళ్లిపోయింది. దీపాలు అడగలేదు. వెళ్తూ రేడియోలో నన్ను అక్కా అనలేదు, స్థావరం అని మాత్రం అంది.

అడుగున ఇంజిన్ ఉన్న ఓడ ఏదీ ఇకమీదట మైదానంలో గానీ బయట మట్టిలో గానీ దిగడానికి నేను ఒప్పుకోనని రాసిచ్చాను. నరహరి సార్ దానికింద తన సంతకమూ పెట్టి కంపెనీకి పంపాడు. ఓడ నడుముకు పైన చుట్టూ చిన్న ఇంజిన్లు పెట్టి చూస్తామని జవాబొచ్చింది. బరువు తగ్గుతుందట, రాకలు ఆలస్యమవుతాయట. వంటశాలలో ఇప్పటి నుంచే పూటకు తక్కువ వండుతున్నారు. ఎందుకని అడిగినవాళ్లకు నా పేరు చెబుతున్నారు. చెప్పనివ్వండి.

చిన్నమ్మ దగ్గరికి ఇన్నాళ్లూ నలుగురితో కలిసే వెళ్లాను. ఇవాళ ఒక్కదాన్నే వెళ్లాను. ఆమె మంచం అంచున కూర్చుని ఉంది. కూర్చొమ్మనలేదు. నిలబడే మొత్తం చెప్పాను, కాక నన్ను ఏం అడిగాడో, నేను ఏమని చెప్పానో.

“చెప్పిన అన్నవా?”

“అన్న.”

“చెప్పలే?”

“చెప్పలే చిన్నమ్మా.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడవడం లేదు. ఉత్తినే తుడుచుకుంది.

“సచ్చేటప్పుడు గూడ ఓడ పక్కకు జరుగుతది అనుకున్నడు.”

“ఆ.”

“నిజం చెప్తే దీపం ఇడిసిపెట్టి వచ్చేటోడేనా?”

ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో రాయలేను. “తెల్వదు చిన్నమ్మా,” అన్నాను.

ఆమె తలెత్తి మొదటిసారి నన్ను సూటిగా చూసింది. ఆయన మీద కోపమో, నా మీద కోపమో, ఆ కళ్లల్లో ఏముందో నాకు అంతుపట్టలేదు.

“పెండ్లయిన కాడికెంచి ఆయనతోనే ఉన్న,” అంది. “నాకు గూడ తెల్వదు.”

నేను అక్కడే నిలబడ్డాను. ఆమె పొమ్మనలేదు, ఉండమనలేదు. గోడలో కొత్త మిషన్ గాలి మెత్తగా వస్తోంది. ఇద్దరం దాన్నే పీలుస్తూ ఉన్నాం.